ఛోటా భీముని రెండవ చిత్రమును గూర్చి

కథకు రెండవ భాగము కోరుట బాలుర స్వభావము. "తరువాత ఏమాయెను?" అని అడుగని బిడ్డ ఏ యింటను లేడు. కథ కంచికి పోయి మనము ఇంటికి వచ్చిన పిమ్మటగూడ ఆ ప్రశ్న మిగిలియే యుండును. పూర్వము ఆ ప్రశ్నకు అమ్మమ్మయో నాయనమ్మయో మరునాటి రాత్రి ప్రత్యుత్తర మిచ్చెడివారు. నేడు ఆ పనికి చలనచిత్రములు తీయు సంస్థలు పూనుకొన్నవి. ఒక బొమ్మల చిత్రము బాలురకు నచ్చినచో దాని వెనుకనే రెండవది, మూడవది వచ్చుట పరిపాటియైనది. అట్టి రెండవ చిత్రమును పెద్దవారు ఎట్లు చూడవలెను, చూచిన పిమ్మట బిడ్డలతో ఏమి మాటలాడవలెను అను సంగతిని గూర్చి నా యభిప్రాయమును ఈ సంచికయందు విన్నవించుకొనుచున్నాను.

దృష్టాంతముగా నేను గైకొనునది దూరదేశపు చిత్రము కాదు. మన హైదరాబాదు నగరముననే పుట్టిన ఛోటా భీముని రెండవ చిత్రము. ఈ భీముని సృష్టించిన శ్రీ రాజీవ్ చిలక గారు మన నగరమువారు. వారి గ్రీన్ గోల్డ్ అను సంస్థ ఈ నగరముననే యున్నది. 2008వ సంవత్సరమున టెలివిజన్‌లో మొదలైన యీ కథలు కొలది కాలములోనే దేశమంతట బాలురకు ప్రియములైనవి. 2012వ సంవత్సరము మే నెలలో దమ్యాన్ అను మాంత్రికుని శాపమును గూర్చిన చిత్రము సినిమా హాళ్లకు వచ్చెను. సుమారు ఏడాదికి, 2013వ సంవత్సరము మే 3వ తేదీన, "థ్రోన్ ఆఫ్ బాలి" అను పేరుగల రెండవ చిత్రము వచ్చెను. మన దేశపు మొదటి పూర్తి నిడివి కథాచిత్రమైన "రాజా హరిశ్చంద్ర" ప్రజలకు చూపబడినది 1913వ సంవత్సరము మే 3వ తేదీననే. అనగా భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన దినముననే మన నగరపు బొమ్మల భీముడు రెండవమారు వెండితెర కెక్కెను. ఇది మనము సంతోషింపదగిన సంగతి. ఒకప్పుడు బొమ్మల చిత్రమనగా పరదేశమునుండి రావలసినదే. ఇప్పుడు ఆబిడ్స్ వీథులలో బడికి పోవు పిల్లల పుస్తకముల సంచులమీద, నాంపల్లి ఎగ్జిబిషన్‌లో అమ్ము బుడగలమీద మన యూరి భీముడే కనబడుచున్నాడు.

ఈ చిత్రమును నేను మా యింటి పిల్లలతో గూర్చుండి, ఈ కొన్ని యేండ్లలో ఒకటికి నాలుగు మారులు చూచితిని. పిల్లలు చూచిన దానినే మరల చూతురు. పెద్దవారికి అది విసుగు. కాని ఆ విసుగులో ఒక లాభము కలదు. మొదటిమారు కథ చూతుము. నాలుగవమారు కథలోని మనుష్యులను చూతుము.

కథ క్లుప్తముగా ఇది. ఢోలక్‌పూర్ రాజైన ఇంద్రవర్మకు బాలిద్వీపపు రాజు వద్దనుండి, తన కుమారుడగు అర్జునుని పట్టాభిషేకమునకు రమ్మని ఆహ్వానము వచ్చును. భీముడును మిత్రులును బయలుదేరుదురు. అంతలో రంగడ అను మాంత్రికురాలు లేయాకులను భూతముల సేనతో ఆ రాజ్యము నాక్రమించి రాజును రాణిని చెరబెట్టును. రాజకుమారు డొక్కడు తప్పించుకొని పోవును. భీముడు అతనితో చెలిమి చేసి, రంగడను ఓడించి, అర్జునుని రాజ్యము అర్జునునికే దక్కునట్లు చేయును.

ఇందులో మెచ్చుకొనదగినది ముందుగా చెప్పెదను. తొమ్మిదేండ్ల బాలుడు సముద్రము దాటి, తనది కాని యూరిలో, తన భాష కాని జనుల కష్టమును తన కష్టముగా నెంచును. జయించిన పిమ్మట సింహాసనముపై తాను కూర్చుండడు. దాని నెవరిది వారికి అప్పగించి తన యూరికి తిరిగి వచ్చును. బలవంతుడు సహాయము చేసి ప్రక్కకు తొలగుట అను నీతి పెద్దవారికే కష్టమైనది. దానిని పిల్లలకు నవ్వులతో పాటలతో బోధించుట మంచి పని. రంగులును, అడవులును, దేవాలయములును మా పిల్లలకు బాలిద్వీపమును పటములో వెదకవలెనను కోరిక పుట్టించినవి. వారు వెదకిరి. జావాకు తూర్పున చిన్న చుక్కవలె నున్న ఆ ద్వీపమును కనుగొని, "ఇంత చిన్నదా!" అని ఆశ్చర్యపడిరి. ఒక చిత్రము బిడ్డచేత పటము తెరిపించినయెడల దానికి పెట్టిన సొమ్ము కొంతవరకైనను సార్థకమే.

అయితే నన్ను ఆలోచింపజేసినది వేరొకటి. ఈ రెండవ చిత్రమున ఎవ్వరును మారరు. భీముడు మొదటి చిత్రములో ఎట్లుండెనో రెండవ చిత్రములోను అట్లే యుండును. ఒక యేడాది పెరుగడు, ఒక క్రొత్త సంగతి నేర్వడు, ఒక తప్పు చేసి దిద్దుకొనడు. అతని సంగతి యట్లుండనిండు. మంచివాడు మంచివాడుగా నిలిచినందువలన నష్టము లేదు. కాని చెడ్డవాడని పేరు పడినవాడుగూడ అట్లే నిలిచిపోవును. నా బాధ యంతయు ఇక్కడనే యున్నది.

ఢోలక్‌పూరిలో కాలియా అను బాలుడు కలడు. భీముని యీడువాడే, కొంచెము పెద్దవాడు, లావైనవాడు, భీమునికంటె నల్లనివాడు. అతనికి భీమునిమీద అసూయ. ఏ కథ చూచినను అతడు గొప్పలు చెప్పును, భయపడి పరుగెత్తును, నవ్వులపాలగును. అప్పుడప్పుడు భీమునికి తోడుపడినను మరునాటికి మరల పాత కాలియాయే. పేరు పెట్టినవారి తలపు ఏమో గాని, హిందుస్తానీ నిత్యము వినబడు మన నగరములో "కాలియా" అనగానే పిల్లలకు తోచు అర్థము నల్లవాడనియే.

అతడు ఏల మారడు? దీనికి కారణము దుర్బుద్ధి కాదు; పని జరుగు తీరు. టెలివిజన్ కథలు వందలకొలది యుండును. ఏ కథ ఏ దినమున వేయుదురో తెలియదు. నేడు చూచిన బిడ్డ నిన్నటిది చూచి యుండకపోవచ్చును. కావున ప్రతి కథయు ఆరంభమున ఎట్లుండెనో ముగింపునను అందరిని అట్లే విడిచిపెట్టవలెను. కాలియా ఒక దినము నిజముగా మారిపోయినయెడల మరునాటి కథకు కాలియా ఉండడు. ఇంతేకాదు, పుస్తకముల సంచిమీద అచ్చువేసిన మొగము ఏటేట మారినచో అమ్మకము సాగదు. టెలివిజన్‌కు ఈ కట్టుబాటు అవసరము కావచ్చును. కాని సినిమా హాలులో గంటన్నరకు పైగా పిల్లలను కూర్చుండబెట్టు చిత్రమునకు ఆ కట్టుబాటు లేదు. దానికి ఒక మనుష్యుని మార్చి చూపుటకు కావలసినంత తీరిక కలదు. ఆ తీరికను ఈ రెండవ చిత్రము వాడుకొనలేదు.

రంగడ సంగతియు ఇట్టిదే. ఈమెను చిత్రము తీసినవారు కల్పింపలేదు. బాలిద్వీపపు జనుల ప్రాచీన గాథలలోని స్త్రీ ఆమె. వారి భాషలో "రంగడ" అను మాటకు విధవ అని అర్థము. ఆ ద్వీపములో బారోంగ్ అను సింహాకారముగల రక్షకునికిని ఈమెకును జరుగు యుద్ధమును నాట్యముగా ఆడుదురు. 2015వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ ఆ ద్వీపపు నాట్యములను మానవజాతి వారసత్వముగా గుర్తించినప్పుడు బారోంగ్ నాట్యమును వానిలో చేర్చెను. ఆ నాట్యమున విశేష మేమనగా, సాధారణముగా యుద్ధము తెగదు. బారోంగ్ పూర్తిగా గెలువడు, రంగడ పూర్తిగా ఓడదు. ఆమె ముఖమును చెక్కిన బొమ్మను ఆ జనులు పారవేయరు. గుడిలో భద్రపరచి గౌరవింతురు. భయపెట్టునదియే ఒక్కొక్కప్పుడు కాపాడునదియు నగునని వారి భావము. మన బొమ్మల చిత్రము ఆమె కోరలను, చింపిరి జుట్టును తీసికొన్నది గాని ఆ భావమును తీసికొనలేదు. భీముడు వచ్చెను, ఆమె ఓడెను, కథ ముగిసెను. విధవ అను పేరుగల స్త్రీ దుష్టురాలగుట, నల్లవాడను పేరుగల బాలుడు నవ్వులపాలగుట - ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, పేరుతోనే మనుష్యుని తూచుట ఎంత పాత యలవాటో తెలియగలదు. మన పల్లెలలోను, మన పేటలలోను విధవరాలు ఎదురైన అపశకునమను మాట ఇంకను పూర్తిగా చావలేదు గదా!

"బొమ్మల చిత్రమునకు ఇంత విచార మెందుకు? పిల్లలు చూతురు, నవ్వుదురు, మరతురు" అని ఒక తండ్రిగారు నాతో ననిరి. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. పిల్లలు మనము భయపడునంత బుద్ధిహీనులు కారు. భీమునివలె లడ్డు తిని గోడను గ్రుద్దిన బిడ్డకు చేయి నొచ్చును, అంతటితో ఆ భ్రమ తీరును. లడ్డు బలమీయదని తెలిసికొనుటకు ఒక్క దినము చాలును. కాని తోటివానికి పెట్టిన పేరు అట్లు తీరదు. గోడ ఎదురుతిరిగి చేతిని నొప్పించినట్లు ఆ పేరు పెట్టినవానిని నొప్పింపదు. పెట్టబడినవానిని మాత్రమే నొప్పించును.

ఇది నేను ఊహించి వ్రాయుట లేదు. నేను పాఠము చెప్పిన ఒకానొక తరగతిలో ఒక బాలుడు ఉండెను. శరీరము దృఢమైనది, చాయ నలుపు. సంవత్సరారంభమున ఆటలో ఒకనిని త్రోసెను. ఆ సాయంకాలమునకే అతడు "కాలియా" ఆయెను. అటుపిమ్మట అతడు ఎవనిని త్రోయలేదు. ఒక దినము పరుగుపందెములో పడిన బాలుని తన వీపుమీద మోసికొని ఆఫీసు గదివరకు తెచ్చెను. ఆ మోయబడిన బాలుడే మరునాడు అతనిని "కాలియా" అని పిలుచుట నేను వింటిని. ద్వేషముతో కాదు, అలవాటుచేత. నేను ఆ నల్లని బాలుని ఒంటరిగా పిలిచి, ఆ పేరు నీకు కష్టముగా నున్నదా అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "ఎవరో ఒకరు కాలియా కావాలి కదా, టీచర్. లేకపోతే వాళ్లు భీమ్ ఆట ఎట్లా ఆడతారు?" అనెను.

ఆ మాటలో ఫిర్యాదు లేదు. అందువలననే అది నన్ను విడువలేదు. భీముడు కావలెనన్న కోరిక తరగతిలో నలుబదిమందికి కలదు. భీముడు ఉండవలెనన్న కాలియా ఒక్కడైనను ఉండవలెను. ఆ వేషమును ఆ బాలుడు ఏడాది పొడుగున మోసెను. పై తరగతికి పోయెను; పేరును వెంట పోయెను. తరగతి మారినను, పుస్తకములు మారినను, అతని పాత్ర మారలేదు. చిత్రములో రెండవ భాగము వచ్చినను కాలియా కాలియాగానే మిగిలినట్లు, బడిలోను ఆ బాలునికి అదే జరిగెను.

మన తెలుగువారికి ఇంతకంటె మంచి త్రోవ తెలియనిది కాదు. 1957వ సంవత్సరమున వచ్చిన "మాయాబజార్" చిత్రమును చూడని తెలుగు కుటుంబము అరుదు. అందులో శ్రీ ఎస్.వి. రంగారావు గారు ధరించిన ఘటోత్కచుడు రాక్షసుడు, భీముని కుమారుడు, కోరలవాడు, గదవాడు. అయినను పిల్లలు భయపడినది అతనిని చూచి కాదు. ప్రేమించినది అతనినే. రూపము రాక్షసము, మనస్సు మృదువు అని మన తాతలు నవ్వుచు నేర్చుకొనిరి. శ్రీ సింగీతం శ్రీనివాసరావు గారు 2008వ సంవత్సరమున ఆ ఘటోత్కచుని బాల్యమునే బొమ్మల చిత్రముగా తీసిరి. మరియు నల్లని చాయగల శ్రీకృష్ణుని ముద్దుచేయు పాటలు ఈ దేశపు తల్లులకు ఎన్ని తెలియునో లెక్కలేదు. ఇట్టి నేలమీద నలుపు నవ్వులకు కారణమగుట మన సంప్రదాయము నేర్పినది కాదు. మనము మరచినందువలన వచ్చినది.

పరదేశపు చిత్రములలోగూడ అన్నియు ఒక్క తీరున లేవు. పిక్సార్ అను అమెరికా సంస్థ తీసిన "టాయ్ స్టోరీ" చిత్రమాలలో, 2010వ సంవత్సరమున వచ్చిన మూడవ భాగమున, బొమ్మల యజమానియైన బాలుడు పెద్దవాడై కళాశాలకు పోవుచు, తన బొమ్మలను ఒక చిన్న బాలికకు ఇచ్చివేయును. మొదటి భాగము 1995వ సంవత్సరమున చూచిన పిల్లలు ఆనాటికి తామును అట్లే పెద్దవారైరి. చిత్రము వారితోపాటు పెరిగినది. అదే సంస్థ 2024వ సంవత్సరమున "ఇన్‌సైడ్ అవుట్" చిత్రమునకు రెండవ భాగము విడుదల చేసెను. అందులో పదుమూడేండ్ల బాలిక మనస్సులోనికి ఆందోళన అను క్రొత్త పాత్ర ప్రవేశించి, మిగిలిన భావములను త్రోసివేసి, సర్వము తానేయై బాలికను పీడించును. మామూలు కథ యైనయెడల ఆ పాత్రను ఓడించి వెడలగొట్టవలసినదే. అట్లు జరుగలేదు. ఆమెకుగూడ ఆ మనస్సులోనే ఒక ఆసన మిచ్చి కూర్చుండబెట్టిరి. పరీక్షలు రేపనగా నిద్రపట్టని మన పెద్ద తరగతుల విద్యార్థులకు ఇంతకంటె ఉపకారమైన రెండవ భాగము వేరొకటి నేను చూడలేదు. బాలిద్వీపపు ముసలివారు రంగడ ముఖమును గుడిలో దాచినట్లే అమెరికావారు ఆందోళనకు ఇంటిలో చోటు చూపిరి. ఒకరి నొకరు ఎరుగకయే వారు చేరిన చోటు ఒక్కటే.

కావున రెండవ భాగమును తూచుటకు నాకు తోచిన తూకము ఇది: కథలో ఎవరైన మారిరా? మంచివాడు క్రొత్త సంగతి నేర్చెనా? చెడ్డవాడని పేరు పడినవానికి ఆ పేరును దించుకొను త్రోవ దొరకెనా? దొరకినయెడల అది నిజముగా రెండవ భాగము. దొరకనియెడల అది మొదటి భాగమునే రంగు మార్చి మరల చూపుట. ఈ తూకమున భీముని బాలి యాత్ర సగము మాత్రమే తూగుచున్నది. సింహాసనము నెవరిది వారికి ఇచ్చుటలో పెద్దమనస్సు కలదు. మనుష్యునికి రెండవ అవకాశ మిచ్చుటలో మాత్రము ఆ పెద్దమనస్సు లేదు.

దీనికి మనము చేయవలసిన దేమి? చిత్రములను మాన్పించుట నా సలహా కాదు. మాన్పించినయెడల పిల్లలు ప్రక్కయింటిలో చూతురు. చిత్రము తీసినవారిని నిందించుటయు చాలదు. వందలమంది చిత్రకారులు నెలల తరబడి శ్రమించి, తెరమీద ఒక్క క్షణము కదలికకు ఇరువదినాలుగు బొమ్మల చొప్పున కూర్చి, మన నగరమునకు పేరు తెచ్చిరి. వారి కష్టమును గౌరవింతము. వారిని కోరవలసినది ఒక్కటే: రాబోవు చిత్రములో కాలియాకు ఒక పూట వెలుగు నిండు.

తల్లిదండ్రులను కోరవలసినది వేరొకటి కలదు. మన ఆబిడ్స్ ప్రాంతమున ఒకప్పుడు ప్యాలెస్, జమురూద్ మహల్, లైట్‌హౌస్ మొదలగు సినిమా హాళ్లు ఉండెడివి. మా తరమువారు పిల్లలుగా నున్నప్పుడు చిత్రము చూచుట యనగా ఇల్లంతయు కదలి పోవుట. తిరిగి వచ్చుచు త్రోవ పొడుగున పెద్దవారు ఆ చిత్రమును గూర్చియే మాటలాడెడివారు. వాడు ఏల అట్లు చేసెను, ఆమె ఏల ఊరకుండెను అను మాటలు నడకతో బాటు సాగెడివి. ఆ నడకయే మాకు రెండవ పాఠశాల. పిమ్మట అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవము అనేక పర్యాయములు మన నగరముననే, బాలల దినోత్సవమైన నవంబరు 14వ తేదీన ఆరంభమై, జరిగెడిది. 2017వ సంవత్సరమున ఇరువదవ ఉత్సవము ఇచ్చటనే జరిగెను. అప్పుడు బడిపిల్లలు గుంపులుగా పోయి, ఉపాధ్యాయుల నడుమ కూర్చుండి, తమకు భాష తెలియని దేశముల చిత్రములను గూడ చూచిరి. నేడు ఎక్కువమంది పిల్లలు చిత్రమును చేతిలోని ఫోనులో, ఒంటరిగా, చెవులకు తీగలు తగిలించుకొని చూచుచున్నారు. వారి ప్రక్కన మాటలాడువారు లేరు. చిత్రము చెప్పినదే చివరి మాట యగుచున్నది. నాంపల్లి స్టేషనునుండి ఆబిడ్స్ తపాలా కార్యాలయమువరకు నడచునంత సేపైనను, చూచిన చిత్రమును గూర్చి బిడ్డతో మాటలాడుడి. సెలవు చాలనివారికి అంతమాత్రమే చాలును.

ఉపాధ్యాయులముగా మనము చేయగలిగినదియు కలదు. నేను కడచిన సంవత్సరము ఒక తరగతికి వ్యాసరచనగా, బాలిద్వీపపు కథకు తరువాతి భాగమును వ్రాయుడని చెప్పితిని. నియమము ఒక్కటే: భీముడు జ్వరముచేత ఇంటనే యుండవలెను. తొలుత పిల్లలు గొల్లుమనిరి. భీముడు లేక కథ ఎట్లని వాదించిరి. పిమ్మట వ్రాసిరి. కొందరు చుట్కీని నాయకురాలిని చేసిరి. ఎప్పుడును లడ్డు అందించు బాలిక ఆ దినమున ఓడ నడపెను. కొందరు రంగడ ఏల అంత కోపముగా నుండెనో కనుగొనుటకు ఆమె యింటికి పోయిరి. అనేకులు కాలియాను పంపిరి. ఒక బాలిక మాత్రము కథ వ్రాయక, రెండు పంక్తులు వ్రాసి కాగితము నిచ్చెను. కాలియాను అతని తల్లి ఇంటిలో ఏమని పిలుచునో చిత్రము చెప్పలేదనియు, అది తెలియనిదే తాను కథ వ్రాయలేననియు ఆ పంక్తుల భావము. ఆ కాగితమును తరగతిలో చదివి వినిపించితిని. అప్పుడు ఎవ్వరును నవ్వలేదు. నేను వ్యాఖ్యానము చేయలేదు. చేయవలసిన పని లేకపోయెను. ఆ తరగతిలో ఆనాటినుండి అందరి మారుపేర్లు పోయినవని వ్రాసినయెడల అది అసత్యమగును. కొన్ని పోయినవి. పేరు పలుకబోయి నాలుక కరచుకొన్నవారిని కొందరిని చూచితిని. అంతమాత్రము నిజము.

ప్రియ విద్యార్థులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి సంవత్సరము ముగియవచ్చి యుండును. మీలో అనేకులు పై తరగతికి పోవుదురు. అదియు ఒక రెండవ భాగమే. అయితే దీనిని వ్రాయువారు ఏ సంస్థవారును కారు, మీరే. చిత్రములో కాలియాను మార్చుట మీ చేతిలో లేదు. మీ బల్లమీద మీ ప్రక్కన కూర్చుండువానిని పాత పేరుతో పిలువకుండుట మీ చేతిలో నున్నది. క్రొత్త తరగతిలో మొదటి దినమున హాజరు పట్టిక చదువునప్పుడు చెవియొగ్గి వినుడి. ప్రతివానికిని తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి కలదని తెలియును. ఆ పేరుతోనే పిలువుడి.